ఆ పుస్తకానికి డబ్బు పెట్టిందెవరు? ఫిలడెల్ఫియా ప్రింటర్ ఫ్రాంక్లిన్ కథ

(గ్రంథాలయ వారోత్సవాల్లో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనగానే మనవాళ్లకి గాలిపటం గుర్తొస్తుంది. ఉరుములు, మెరుపులు, దారానికి కట్టిన తాళంచెవి, హైస్కూలు సైన్సు పాఠం. ఆ తర్వాత వంద డాలర్ల నోటు మీద బొమ్మ. పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు ఈ హాల్లో చాలామందే ఉన్నారు కాబట్టి ఆ నోటు గురించి నేను చెప్పక్కర్లేదు. (నవ్వులు) ఇవాళ ఆ రెండూ పక్కన పెడదాం. 1728 నుంచి 1748 వరకు, అంటే ఇరవై ఏళ్ల పాటు ఆయనకు అన్నం పెట్టింది ప్రెస్సు. పెన్సిల్వేనియా అప్పుడు బ్రిటిష్ వాళ్ల వలస. ఫిలడెల్ఫియా అక్కడి రేవు పట్టణం. ఆ ఊళ్లో ఆయన ఏ పుస్తకాలు అచ్చేశాడు, ఏవి వేసి చేతులు కాల్చుకున్నాడు, ఏవి అసలు ముట్టుకోలేదు, ఎందుకు? ఇదే ఇవాళ్టి సంగతి.

నేను కాలితో తొక్కి అచ్చేసే ట్రెడిల్ మిషను కాలం మనిషిని. కేసు, అంటే అక్షరాల గళ్లపెట్టె ముందు నిలబడి ఒక్కో అక్షరం ఏరి కంపోజ్ చేసినవాణ్ణి. అందుకని పుస్తకం చేతిలోకి వస్తే రచయిత పేరు కంటే ముందు నా కళ్లు అడుగున ఉన్న చిన్న అక్షరాల మీదికి పోతాయి. ఏ ప్రెస్సు, ఎవరి కోసం, డబ్బు ఎవరిది? ఫ్రాంక్లిన్ పుస్తకాలను కూడా నేను అలాగే చూస్తాను. ఆయన్ని మహానుభావుడిగా చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రెస్సు ఓనరుగా చూస్తే మనిషి ఇంకా బాగా అర్థమవుతాడని నా అభిప్రాయం.

ముందు పని ఎలా ఉండేదో కాస్త చెప్పాలి. అచ్చులు, అంటే లోహంతో పోసిన అక్షరాలు, లండన్ నుంచి ఓడలో రావాలి. అమెరికాలో అచ్చులు పోసేవాడు లేడు. ఫ్రాంక్లిన్ కుర్రాడుగా శామ్యూల్ కీమర్ అనే ఆయన ప్రెస్సులో పనిచేసేటప్పుడు కొన్ని అక్షరాలు చాలేవి కావు. లండన్‌లో ఉండగా అచ్చులు పోయడం చూసివచ్చాడు కాబట్టి, ఉన్న అచ్చులతోనే సీసంలో గుర్తులు కొట్టి, తనే ఒక మూస తయారుచేసి, తక్కువైన అక్షరాలు పోసుకున్నాడు. ఇక కాగితం గుడ్డ పీలికలతో తయారయ్యేది. ఆయన భార్య డెబొరా కొట్టు చూసుకునేది, చిన్న పుస్తకాలు మడిచి కుట్టేది, ఊళ్లో పాత నారగుడ్డలు కొని కాగితం మిల్లులకు పంపేది. ఇంత పని చేసిన ఆవిడ పేరు ఏ టైటిల్ పేజీ మీదా ఉండదు.

ప్రెస్సు చెక్కది. ఇద్దరు మనుషులు కావాలి. ఒకడు తోలు బంతులతో సిరా అద్దుతాడు, ఇంకొకడు కాగితం పెట్టి మీట లాగుతాడు. కాగితాన్ని ముందే తడిపి ఉంచుకోవాలి, అచ్చయ్యాక తీగల మీద ఆరేయాలి, రెండోవైపు మళ్లీ అదే తంతు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఏమిటంటే, మూడొందల పేజీల పుస్తకం మొత్తం ఒకేసారి కంపోజ్ చేసి ఉంచడానికి సరిపడా అచ్చులు ఏ ప్రెస్సులోనూ ఉండవు. కొన్ని పేజీలు కట్టి, అచ్చేసి, విప్పి, అచ్చులన్నీ మళ్లీ గళ్లలో వేసి, తర్వాతి పేజీలు కట్టాలి. మొదటి పేజీ అచ్చయిన రోజు నుంచి చివరి పేజీ దాకా కాగితం మీద పెట్టిన డబ్బు గోదాములో పడి ఉంటుంది. ఒక్క పైసా వెనక్కి రాదు. అదే ఒక రసీదు ఫారమో, కరపత్రమో అయితే పొద్దున ఆర్డరు, సాయంత్రం డబ్బు. దీన్నే మనం జాబ్ వర్క్ అంటాం. ఎక్కడైనా ఎప్పుడైనా ప్రెస్సును బతికించేది జాబ్ వర్కే.

1728లో హ్యూ మెరెడిత్ అనే భాగస్వామితో ఫ్రాంక్లిన్ సొంత ప్రెస్సు పెట్టాడు. పెట్టుబడి మెరెడిత్ తండ్రిది, పనితనం ఫ్రాంక్లిన్‌ది. అచ్చులు ఇంకా సర్దుకోకముందే ఒక పల్లెటూరి ఆయన ఐదు షిల్లింగుల పని పట్టుకొచ్చాడు. ఆ బోణీ ఇచ్చినంత సంతోషం తర్వాత ఎంత సంపాదించినా రాలేదని ముసలితనంలో రాసుకున్నాడు.

మొదటి పెద్ద పని ఒక మతచరిత్ర. క్వేకర్లనే క్రైస్తవ శాఖ వారి చరిత్ర, విలియం సూయెల్ రాసింది. పెద్ద సైజు గ్రంథం. కీమర్ దాన్ని ఏళ్ల తరబడి సాగదీస్తున్నాడు. జోసెఫ్ బ్రైంట్నాల్ అనే స్నేహితుడు క్వేకర్లతో మాట్లాడి అందులో నలభై షీట్ల పని ఫ్రాంక్లిన్‌కు ఇప్పించాడు. రేటు తక్కువ. రోజుకొక షీటు కంపోజ్ చేస్తానని పట్టుబట్టాడు. పగలు అచ్చయిన పేజీల అచ్చులు విప్పి గళ్లలో వేసేసరికి రాత్రి పదకొండు దాటేది. ఒక రాత్రి ఫారాలు, అంటే పేజీలు కట్టిన చట్రాలు బిగించి, అమ్మయ్య అనుకునే సమయానికి ఒకటి జారి రెండు పేజీల అచ్చులు కుప్పయిపోయాయి. ఈ హాల్లో పాత కంపోజిటర్లు ఎవరైనా ఉంటే ఆ క్షణం ఎలా ఉంటుందో తెలుస్తుంది. తిట్టుకోవడానికి కూడా నోరు రాదు. ఆయన పడుకోకుండా ఆ అచ్చులన్నీ ఏరి గళ్లలో వేసి, రెండు పేజీలూ మళ్లీ కట్టి అప్పుడు నిద్రపోయాడు. ఊళ్లో ఒక డాక్టరు రాత్రి క్లబ్బు నుంచి ఇంటికి పోతూ ఈ కొట్లో దీపం చూసి, ఇంత కష్టపడేవాణ్ణి నేనెక్కడా చూడలేదని నలుగురిలో అన్నాడు. ఆ మాట అప్పు పుట్టించింది. గమనించాల్సింది ఏమిటంటే, ఈ పుస్తకానికి డబ్బు క్వేకర్లది. అమ్ముడుపోకపోతే పోయేది ఫ్రాంక్లిన్ సొమ్ము కాదు.

సొంత డబ్బుతో వేసినప్పుడు ఏమైందో చూడండి. 1729లో ఐజక్ వాట్స్ కీర్తనల పుస్తకం వేశాడు. భక్తి పుస్తకం కదా, పోతుందనుకున్నాడు. కదల్లేదు, కొట్లోనే ఉండిపోయింది. విచిత్రమేమిటంటే తర్వాత కాలంలో ఆ కీర్తనలు అమెరికా అంతటా పాడారు. సరుకు మంచిదే, టైము మంచిది కాదు.

అప్పటి నుంచి ఆయన లెక్క మారింది. ఆ లెక్కకు మొదటి ఆసరా ప్రభుత్వం. పెన్సిల్వేనియా అసెంబ్లీ గవర్నరుకు సమర్పించిన విన్నపం ఒకటి పాత ప్రింటరు ఆండ్రూ బ్రాడ్‌ఫర్డ్ తప్పుల తడకగా వేశాడు. ఫ్రాంక్లిన్ అదే విన్నపాన్ని, ఎవరూ అడక్కుండానే, నీటుగా మళ్లీ వేసి సభ్యులందరికీ తలా ఒకటి పంపాడు. మరుసటి ఏడు, 1730లో, అసెంబ్లీ పని ఆయనకే వచ్చింది. చట్టాలు, సభా కార్యక్రమాలు, ఓట్ల వివరాలు. ఆ మధ్యలోనే, 1729లో, కాగితపు డబ్బు ఎందుకు అవసరమో వాదిస్తూ తనే ఒక చిన్న పుస్తకం రాసి అచ్చేశాడు. నోట్లు వేయాలని అసెంబ్లీ నిర్ణయించింది. తర్వాత ఆ నోట్లు అచ్చేసే పని ఎవరికి దక్కిందో మీరే ఊహించండి. (నవ్వులు) చాలా లాభసాటి పని అని ఆయనే ఒప్పుకున్నాడు. దొంగనోట్లు కొట్టకుండా నోటు వెనక నిజమైన చెట్టు ఆకు ముద్ర వేసేవాడు. ఆకు ఈనెలను చేత్తో చెక్కి నకలు చేయడం ఎవరి తరం కాదు. నకిలీ చేస్తే మరణశిక్ష అని కూడా నోటు మీద అచ్చేశారు. ఆయన ప్రెస్సులో అందరూ చదివిన, అందరూ దాచుకున్న రచన అదేననుకోవచ్చు.

రెండో ఆసరా పంచాంగం. 1732 చివర్లో, మరుసటి సంవత్సరానికి, పూర్ రిచర్డ్ పంచాంగం తెచ్చాడు. మన ఉగాది పంచాంగం ప్రతి ఇంట్లో గోడకు ఎందుకు వేలాడుతుందో అక్కడా అదే కారణం. సూర్యోదయం, చంద్రుడు, ఆటుపోట్లు, కోర్టులు ఎప్పుడు, సంతలు ఎప్పుడు, ఏ ఊరికి ఎంత దూరం. బైబిలు తర్వాత చాలా ఇళ్లలో ఉండే పుస్తకం అదొక్కటే. పబ్లిషరుకు ఇంతకంటే మంచి సరుకు లేదు. డిసెంబరు దాటగానే పాతబడిపోతుంది, అందరూ మళ్లీ కొత్తది కొనాల్సిందే. ఏటా పదివేలకు దగ్గరగా అమ్మానని రాసుకున్నాడు.

ఊళ్లో అప్పటికే వేరే పంచాంగాలున్నాయి. వాటిలో టైటన్ లీడ్స్ అనే ఆయనది పేరున్నది. కొత్త పంచాంగంలో ఫ్రాంక్లిన్, రిచర్డ్ సాండర్స్ అనే దొంగపేరుతో, ఒక జోస్యం చెప్పాడు. నా ప్రియమిత్రుడు లీడ్స్ 1733 అక్టోబరు 17న మధ్యాహ్నం మూడు గంటల ఇరవై తొమ్మిది నిమిషాలకు చనిపోతాడు, కాదు 26న అని ఆయన వాదిస్తున్నాడు, ఎవరి గణితం సరైనదో చూద్దాం అని. లీడ్స్ చావలేదు సరికదా, తన పంచాంగంలో సాండర్స్‌ను అబద్ధాలకోరని తిట్టిపోశాడు. దానికి జవాబుగా ఫ్రాంక్లిన్, నా మిత్రుడు మర్యాదస్తుడు, ఇంత మోటుగా రాయడు, కాబట్టి ఆయన పోయినట్టే, ఎవరో ఆయన పేరుతో రాస్తున్నారు అన్నాడు. ఇలా ఏళ్ల తరబడి సాగింది. పాపం లీడ్స్ నిజంగా పోయింది 1738లో. ఇది హాస్యమే, కాని ఎదుటి కొట్టు మీద దెబ్బ కూడా. అందులో కొంచెం క్రూరత్వం ఉందని నాకనిపిస్తుంది.

ఆ పంచాంగంలో తేదీల మధ్య మిగిలిన ఖాళీల్లో ఒక్కో సామెత ఇరికించేవాడు. కంపోజిటరుకు ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పొదుపు గురించి, పెందలాడే నిద్ర లేవడం గురించి. ఆయన పేరున చలామణీ అయ్యే ఆ మాటల్లో చాలావరకు అందరి నోళ్లలో నలిగినవే. అందులో నా సొంత తెలివి పదోవంతు కూడా లేదని ఆయనే చెప్పేశాడు.

మూడోది చందా. 1739లో జార్జ్ వైట్‌ఫీల్డ్ అనే ఇంగ్లిష్ బోధకుడు వచ్చాడు. ఆయన ఉపన్యాసానికి జనం విరగబడేవారు. ఫ్రాంక్లిన్‌కు ఆ భక్తి మీద పెద్దగా గురి లేదు. కాని జనం మధ్య నుంచి వెనక్కి నడుస్తూ గొంతు ఎంతదూరం వినిపిస్తుందో కొలిచి, ముప్ఫై వేలమందికి పైగా వినగలరని లెక్కగట్టాడు. చూశారా, భక్తుల్ని కూడా లెక్కపెట్టాడు. వైట్‌ఫీల్డ్ ఉపన్యాసాలు, దినచర్యలు వేయడానికి ముందే చందాదారుల పేర్లు రాయించుకున్నాడు. పుస్తకాల కంటే పేర్లు ఎక్కువయ్యాయి. అప్పుడు తన పత్రిక పెన్సిల్వేనియా గెజెట్‌లో, డబ్బు కట్టినవాళ్లకి, చేతిలో డబ్బు పట్టుకొచ్చేవాళ్లకి ముందు ఇస్తామని ప్రకటించాడు. పేరు రాయించి తర్వాత మొహం చాటేసే చందాదారులు మనకూ తెలుసు.

ఇక నవల సంగతి. 1740లో లండన్‌లో శామ్యూల్ రిచర్డ్‌సన్ పామెలా అనే నవల వచ్చి గొప్ప సంచలనం అయింది. ఫ్రాంక్లిన్ 1742లో దాన్ని ఫిలడెల్ఫియాలో వేయడం మొదలుపెట్టాడు. అమెరికా గడ్డ మీద అచ్చయిన మొదటి నవల అదే. ఇందాక నేను చెప్పిన లెక్క ఇక్కడ వర్తింపజేయండి. రెండు సంపుటాలు. మధ్యలో పత్రిక రావాలి, పంచాంగం రావాలి, అసెంబ్లీ పని ఆగకూడదు. నవల వెనక్కి పోతూ వచ్చింది. అది పూర్తయ్యేలోపు లండన్ ప్రతులు ఓడల మీద దిగిపోయాయి. మంచి కాగితం, మంచి బైండింగు. ఊళ్లో అచ్చయింది చవకగా ఇచ్చినా మోజు అటువైపే. ఫ్రాంక్లిన్ మళ్లీ ఇంకో నవల జోలికి పోలేదు. చరిత్ర పుస్తకాల్లో ‘మొదటి నవల’ అని గర్వంగా రాస్తారు. ఆయన ఖాతా పుస్తకంలో అది నష్టం.

అంటే ఇంగ్లిష్‌లో పెద్ద పుస్తకం ఏదైనా లండన్‌తో పోటీ. బైబిలు అయితే పోటీకి కూడా వీల్లేదు. ఇంగ్లిష్ బైబిలు అచ్చేసే హక్కు రాజుగారు ఇచ్చిన వాళ్లకే ఉండేది. ఇన్నేళ్లలో ఫ్రాంక్లిన్ ఒక్క ఇంగ్లిష్ బైబిలు వేయలేదు. అమెరికాలో మొదటి పూర్తి ఇంగ్లిష్ బైబిలు 1782లో, స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక, వేరే ప్రింటరు వేశాడు. జర్మన్‌కు ఆ అడ్డు లేదు. ఫిలడెల్ఫియా పక్కనే జర్మన్‌టౌన్‌లో క్రిస్టఫర్ సావర్ 1743లో జర్మన్ బైబిలు వేశాడు. జర్మన్ పాఠకుల మీద ఫ్రాంక్లిన్ కూడా కన్నేశాడు. 1730లో వాళ్లకి ఒక కీర్తనల పుస్తకం వేసిచ్చాడు, 1732లో జర్మన్ పత్రిక పెట్టాడు. ఆయన దగ్గర జర్మన్లు అలవాటుపడ్డ ఫ్రాక్టూర్ అనే పాతకాలపు అక్షరాల అచ్చులు లేవు, ఇంగ్లిష్ అక్షరాలతోనే కంపోజ్ చేశాడు. పత్రిక వెంటనే మూతపడింది. సావర్ ఆ అచ్చులు తెప్పించుకుని నిలబడ్డాడు. సావర్ బైబిలు వేసిన దశాబ్దంలోనే మన తెలుగు మొదటిసారి అచ్చెక్కింది. మద్రాసులో ఉండి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1746, 47ల్లో జర్మనీలోని హాలేలో తెలుగు మత పుస్తకాలు వేయించాడు. తెలుగువాళ్లున్న చోట ప్రెస్సూ లేదు, అచ్చులూ లేవు. చదవరుల కోసం పుట్టిన పుస్తకాలు కావవి, మిషన్ డబ్బుతో పుట్టాయి. ప్రశ్న అక్కడా అదే.

ఇలా చెబితే ఫ్రాంక్లిన్‌ను వట్టి షావుకారు అనుకుంటారేమో. 1744లో ఆయన వేసిన పుస్తకం ఒకటి చూస్తే అలా అనలేం. వృద్ధాప్యం మీద రోమన్ వక్త సిసెరో రాసిన గ్రంథానికి జేమ్స్ లోగన్ అనే పెద్దమనిషి చేసిన ఇంగ్లిష్ అనువాదం అది. లోగన్ ముసలివాడు, మహా పండితుడు, ఊళ్లో పెద్ద లైబ్రరీ ఆయనది. టైటిల్ పేజీ నలుపు, ఎరుపు రెండు రంగుల్లో. అంటే ప్రతి కాగితం రెండుసార్లు ప్రెస్సు కిందికి పోవాలి, ఎరుపు వెంట్రుకవాసి జరిగినా కాగితం దండగ. లోపల లండన్‌లో కాస్లన్ అనే ఆయన పోసిన అచ్చులు, పెద్ద సైజు, ధారాళమైన మార్జిన్లు. ముందుమాటలో పాఠకుడికి చెప్పుకున్నాడు: వృద్ధాప్యం గురించి ఆలోచించడం మొదలయ్యేది కళ్లు మసకబారాకే కదా, అందుకని చిన్న అక్షరాలు కళ్లకు బాధ కలిగించి చదివే ఆనందాన్ని చెడగొట్టకుండా పెద్ద అక్షరాలతో వేశాను అని. ఆయన పనితనానికి ఇదే పరాకాష్ఠ అని పుస్తక ప్రియులు చెబుతారు. నేనూ ఒప్పుకుంటాను. వెయ్యి ప్రతులు వేశాడు. మూడొందలు లండన్‌లో తన మిత్రుడు, ప్రింటరు విలియం స్ట్రాహాన్‌కు అమ్మిపెట్టమని పంపాడు. మోజుతో వేసినా మిగులు ఎక్కడ పోతుందో చూసుకోకుండా ఉండలేడు.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేవి మాత్రం ఒప్పంద పత్రాలు. 1736 నుంచి 1762 వరకు ఆయన ప్రెస్సు నుంచి పదమూడు వచ్చాయి. అమెరికా ఆదివాసీ తెగలతో, ముఖ్యంగా ఇరోక్వా నాయకులతో, వలస ప్రభుత్వాలు జరిపిన చర్చల రికార్డు అది. పెద్ద సైజు కాగితం, విశాలమైన అచ్చు. ఎవరు ఏమన్నారు, ఎప్పుడు పూసల పట్టీ ఇచ్చారు, సభలో యో-హా అని ఎప్పుడు కేకవేశారు, అంతా వరసగా ఉంటుంది, నాటకం చదువుతున్నట్టు. 1742 చర్చల్లో కనసటేగో అనే నాయకుడు అంటాడు: మా భూముల విలువ పెరిగిందని మాకు తెలుసు, మాకు తెలియదని తెల్లవాళ్లు అనుకుంటున్నారు, భూమి శాశ్వతం, దానికి బదులు మీరిచ్చే కొద్దిపాటి సరుకులు ఇట్టే అరిగి పోతాయి. భూసేకరణ నోటీసులు చదివిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఈ మాట వేరే విధంగా తగులుతుంది. 1744లో లాంకస్టర్ ఒప్పందం అచ్చేసినప్పుడు ఫ్రాంక్లిన్ రెండొందల ప్రతులు ఎక్కువ వేశాడు, లండన్‌లో జనం ఆసక్తిగా చదువుతారని. ఇంగ్లండ్ నుంచి పుస్తకాలు ఇటు రావడమే గాని ఇక్కడి నుంచి అటు పోయే సరుకు అరుదు. ఇలాంటిది లండన్‌లో దొరకదు. భూమి పోగొట్టుకుంటున్నవాళ్ల మాటలు ఆ భూమి తీసుకుంటున్నవాళ్ల డబ్బుతో అచ్చయి మనదాకా వచ్చాయి.

ఒక చేదు విషయం కూడా చెప్పాలి. 1731లో ఫ్రాంక్లిన్ ప్రింటర్ల తరఫున ఒక సంజాయిషీ రాశాడు. అభిప్రాయాలు నూరు రకాలు, డబ్బిచ్చిన ప్రతివారిదీ మేం అచ్చేస్తాం అన్నది దాని సారాంశం. బానిసత్వం పాపమని రాల్ఫ్ శాండిఫర్డ్ రాసిన పుస్తకం 1729లో ఆయనే వేశాడు. 1737లో బెంజమిన్ లే అనే క్వేకరు రాసిన మరో ఘాటైన పుస్తకం వేశాడు. లే కాగితాలన్నీ కలగాపులగంగా తెచ్చి ఇచ్చాడట. వరస ఏమిటని అడిగితే, ఏది ముందేసినా ఫరవాలేదు పొమ్మన్నాడట. ఆ పుస్తకం మీద ‘గ్రంథకర్త కోసం ముద్రితం’ అని ఉంటుంది. ఫ్రాంక్లిన్ పేరు లేదు. ఊళ్లో పెద్దలు చాలామంది బానిసల యజమానులు, వాళ్లే ఆయన ఖాతాదారులు. అదే సమయంలో గెజెట్ పత్రికలో బానిసల అమ్మకం ప్రకటనలు, పారిపోయిన వాళ్లని పట్టిస్తే బహుమానం అనే ప్రకటనలు పడుతూనే ఉన్నాయి. ఆయన ఇంట్లోనూ బానిసలున్నారు. ముసలితనంలో, 1787లో, బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు, నిజమే. కాని కొట్టు నడిచే రోజుల్లో ఆయన ధైర్యం టైటిల్ పేజీ అడుగుదాకా పోలేదు.

1748లో, నలభై రెండేళ్ల వయసులో, కొట్టు డేవిడ్ హాల్ అనే భాగస్వామికి అప్పగించి పనిలోంచి తప్పుకున్నాడు. ఒప్పందం పద్దెనిమిదేళ్లు, లాభంలో వాటా. ఆ ఏడు వాళ్లు వేసిన పెద్ద పుస్తకం మన పెద్దబాలశిక్ష లాంటిది: చదవడం, రాయడం, లెక్కలు, ఉత్తరాలు, పద్దులు, ఇంటి వైద్యం. లండన్ పుస్తకమే, కాని అక్కడి విషయాలు తీసేసి వలసలకు పనికొచ్చేవి పెట్టారు. అది పోయింది, అమ్ముడు ‘పోయింది’ అని నా ఉద్దేశం. (నవ్వులు)

అలా దొరికిన తీరికలో, అంతకుముందే మొదలుపెట్టిన విద్యుత్తు ప్రయోగాలు జోరందుకున్నాయి. ఆ ప్రయోగాల మీద ఆయన రాసిన ఉత్తరాలు 1751లో పుస్తకంగా వచ్చాయి. యూరప్ అంతా ఆయన పేరు మారుమోగింది ఆ పుస్తకంతోనే. అది అచ్చయింది లండన్‌లో. సొంత ప్రెస్సు, సొంత అచ్చులు, సొంత భాగస్వామి ఉండి కూడా ఫిలడెల్ఫియాలో కాదు. అలాంటి పుస్తకం కొనే జనం అక్కడ ఎందరున్నారో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

సమయం అయిందని అధ్యక్షులు చీటీ పంపారు. ప్రశ్నలుంటే అడగండి.